ఏడు విజిల్స్‌కీ ఉడకని పప్పు

2009 మే 14. ఉదయం 9:20. నాచారం పారిశ్రామికవాడ గోడ పక్క బస్తీ. చివరి రేకుల ఇంట్లో దుర్గమ్మ శవం. నోటి దగ్గర నురగ.

"మా బావే సంపిండు మేడం! పప్పుల మందు కలిపిండు." తమ్ముడు కనకరాజు గుండెలు బాదుకుంటున్నాడు.

మొన్న మొగుడూ పెళ్లాలు కొట్లాడుకున్నారట. ఇంకేం, బస్తీ తీర్పు చెప్పేసింది. నోరుంటే చాలు, అందరూ జడ్జీలే!

భర్త బాలరాజు పోలీసు జీపు పక్కన కూలబడ్డాడు. సాయంత్రంలోగా అతణ్ణి రిమాండ్‌కి పంపాలని పైనుంచి ఫోను.

ఎస్సై రత్నకుమారి కుక్కర్ మూత తీసింది. కందిపప్పు. గింజ నొక్కింది. రాయిలా ఉంది.

"వంట ఎవరు చేశారు?"

"నేనే మేడం. ఎనిమిదింటికి నైట్ డ్యూటీకెల్లి వచ్చిన. కడుపుల తిప్పుతుందని పండుకున్నది. నేనే పొయ్యి మీద పెట్టిన."

"ఎన్ని విజిల్స్?"

"ఏడు. అయినా ఉడకలే."

"ఏ నీళ్లు?"

"ఏడింటికి టాంకర్‌ల వచ్చినయి. కృష్ణ నీళ్లు."

రత్నకుమారి తలెత్తింది. కృష్ణా నది నుంచి వచ్చే మంచినీళ్లలో కందిపప్పు మూడు విజిల్స్‌కే మెత్తబడుతుంది. ఈ చుట్టుపక్కల ఏ ఇల్లాలైనా చెబుతుంది. ఇంత మొండితనం బోరు నీళ్లదే. ఇక్కడి బోర్లలో ఫ్యాక్టరీల కెమికల్స్ ఊరుతాయి.

"ఆ నీళ్లు ఎవరూ తాగొద్దు!" అని అరిచింది.

"ఎవ్వలం తాగలే," అంది పక్కింటి త్రివేణి. "టాంకర్ రాంగనే దుర్గక్క సెంబెడు తాగి సూస్తది. మంచిగున్నయంటెనే బిందెలల్ల పడతం. ఇయ్యాల వాసనొస్తున్నయి, బట్టలకు వాడుకోండ్రి అన్నది."

"ముందే ఎందుకు చెప్పలేదు?"

"వాసన మాకు కొత్తనా మేడం?"

మధ్యాహ్నం 3:30. అదే వాకిలి. బాలరాజు, కనకరాజు, టాంకర్ డ్రైవర్ భూషణం. రెండు కుక్కర్లు. ఒకదాంట్లో రత్నకుమారి ఇంటి నుంచి తెచ్చిన నీళ్లు, రెండోదాంట్లో దుర్గమ్మ ఇంటి డ్రమ్ములో ఉన్న పొద్దుటి టాంకర్ నీళ్లు. మూడు విజిల్స్. మూతలు తీసింది. ఒకటి వెన్న. రెండోది రాళ్లే.

"ఈ పప్పు మీ అక్క ఎట్లా తింటుంది, కనకరాజూ? పోస్టుమార్టంలో కడుపులో మెతుకు లేదు. కెమికల్ వాసన కొట్టే నీళ్లే ఉన్నాయి."

కనకరాజు బావ చేతులు పట్టుకుని భోరుమన్నాడు.

"ఎక్కడ నింపావు, భూషణం?"

"మూతపడ్డ ఫ్యాక్టరీ బోరుల మేడం. కృష్ణ లోడు వేరే తాన పొయ్యమన్నరు."

"ఎవరు?"

"ఫోన్ల చెప్పిన్రు. పేరు చెప్పరు. ఎప్పుడూ గంతే."

"ఎక్కడ పోశావు?"

భూషణం తల దించుకున్నాడు. "మీ క్వార్టర్స్ సంపులనే. మీ అమ్మగారే గేటు తీసిన్రు."

రత్నకుమారి మెత్తగా ఉడికిన పప్పు వంక చూడలేకపోయింది. అది బస్తీకి రావాల్సిన నీళ్లలో ఉడికిన పప్పు.

బాలరాజును వదిలేసింది. భూషణాన్ని జీపెక్కించింది. ఫోన్ చేసినవాడికి ఎఫ్ఐఆర్‌లో రాయడానికి పేరే లేదు. టాంకర్ సీజ్ చెయ్యబోతే ఆడవాళ్లు అడ్డం నిలబడ్డారు.

"మాకు ఇదొక్కటే వస్తది మేడం. ఇది గుంజుకపోతే ఏం తాగాలె?"

బాలరాజు మెల్లగా అడిగాడు. "రేపు టాంకర్ వస్తె ముందుగాల ఎవలు తాగి సూడాలె మేడం?"

రత్నకుమారి సీజ్ కాగితం మడిచి జేబులో పెట్టుకుంది. ఛీ, ఏం యూనిఫాం ఇది!

త్రివేణి లోపలికి వెళ్లి దుర్గమ్మ చెంబు తెచ్చింది. కొంగుతో తుడిచింది.

"నేను సూస్త," అంది.