రెండో రక్తం

ఆదివారం డ్యూటీ అంటే హరిణికి ఒళ్ళు మంట. నర్సీపట్నం బస్సు కాంప్లెక్స్ వెనక చిన్న ల్యాబు. బయట ముసురు, లోపల స్పిరిట్ వాసన, కరెంటు లేదు. పన్నెండయినా ఒక్క పేషెంటు రాలేదు. ఉన్నట్టుండి కుళ్ళిన ఆకుల వాసన గుప్పుమంది. తలెత్తి చూస్తే ఎదురుగా స్టూలు మీద చిట్టితల్లి కూర్చునుంది.

ఆ పిల్లని మరిచిపోతుందా! పది రోజుల కిందట సోమలమ్మ, జ్వరంతో కాలిపోతున్న ఈ కూతుర్ని భుజాన వేసుకుని కొండ దిగి వచ్చింది. పొదల్లో పురుగు కుట్టి వచ్చే జ్వరమేమోనని డాక్టరుగారు రక్తపరీక్ష రాశారు. రక్తపు చుక్క వేసిన పరీక్ష కార్డు మీద, జ్వరం ఉందని చెప్పే గీత పడింది గానీ, కనీ కనిపించనంత. కొండమీద వాళ్ళలో చాలామందికి ఎప్పుడో కుట్టిన పురుగు తాలూకు గీత ఉండనే ఉంటుంది. ఇదీ పాతదేలే అనుకుంది హరిణి. డాక్టరుగారిని ఒక్క మాట అడక్కుండా ‘లేదు’ అని రాసిచ్చేసింది. "పది రోజులాగి తీసుకురా, రెండోసారి రక్తం చూస్తే తేలిపోద్ది" అని పంపేసింది. అప్పట్నుంచీ మనసు పీకుతూనే ఉంది.

"వచ్చావా తల్లీ! అమ్మేదీ?"

పిల్ల చెయ్యి చాపింది.

వేలు చల్లగా ఉంది... వానలో తడిసిందిలే అనుకుంది. సూది గుచ్చింది. రక్తం రాలేదు. గట్టిగా నొక్కితే ఒకే ఒక్క చుక్క... నల్లగా.

పావుగంట పట్టాల్సిన గీత, చుక్క వేయగానే పడింది. ఎర్రగా, లావుగా.

మందుబిళ్ళలతో తగ్గిపోయే జ్వరం! చేతులారా ఎంత పని చేసింది! హరిణి గబగబా ఫోను తీసింది.

"సోమలమ్మా, ఎక్కడున్నావు? పిల్లకి ఆ జ్వరమే. బేగి రా!"

అవతల వాన చప్పుడు మధ్య సోమలమ్మ గొంతు వినిపించింది.

"ఏ పిల్లమ్మా? చిట్టితల్లి సచ్చిపోయి నాలుగు రోజులైపోనాది... దాని సెల్లి, సిన్నదానికీ జ్వరమే. తెల్లారి లేసి సూత్తే మంచం మీద నేదు. ఊరంతా ఎతుకుతున్నాం..."

హరిణి తల తిప్పింది.

స్టూలు ఖాళీ. కింద తడి లేదు. కార్డు మాత్రం ఉంది.

బయట బెంచీ మీద ఎవరో మూలిగారు. పరిగెత్తింది. నాలుగేళ్ళ పిల్ల, చిట్టితల్లి పోలికే. ఒళ్ళు నిప్పు, చంకలో పురుగు కుట్టిన నల్లటి పెచ్చు. అంత వానలోనూ పాదాలకి మట్టి లేదు.

ఈసారి హరిణి క్షణం ఆగలేదు. డాక్టరుగారిని పిలిపించింది. మందు తనే దగ్గరుండి మింగించింది. సాయంత్రానికి పిల్ల కళ్ళు తెరిచింది.

"ఎవరు తెచ్చారమ్మా నిన్ను?" హరిణి గుసగుసగా అడిగింది.

"అక్క... మల్లీ పది రోజులకి వత్తాదంట."

"నీ కోసమా?"

పిల్ల తల అడ్డంగా ఊపింది.

"నీ కోసం. రెండోసారి రత్తం సూత్తాదంట."

రెండోసారా? మరి మొదటిసారి...

హరిణి తన వేలు చూసుకుంది. ఎవరు గుచ్చారో, సూది పోటు దగ్గర చుక్క అప్పుడే ఉబుకుతోంది.