భయసూచి

2068 వేసవి నాటికి పిల్లలను విహారయాత్రకు ఒంటరిగా పంపడం తల్లులకు తేలికైంది. చెవి వెనుక మెంతిగింజంత సెన్సర్ అంటిస్తే చాలు. గుండె వేగం, చెమట, మెదడులోని అలజడి కలిపి లెక్కగట్టి, ఉపగ్రహం ద్వారా ఇంటి గోడమీది పలకకు పంపుతుంది. మనసు నిమ్మళంగా ఉంటే ఆకుపచ్చ, బెదిరితే ఎరుపు. దాన్ని భయసూచి అన్నారు. ఎందుకు బెదిరారో మాత్రం అది చెప్పలేదు.

విశాఖలో ఉండే సువర్చల, పదిహేడేళ్ల కూతురు తరళను స్నేహితురాళ్లతో అండమాన్ దీవులకు పంపింది ఆ పలకను నమ్ముకునే. పేరుకు పంపిందే గాని, కూరలు తరగడం కూడా పలక ఎదుటే. ఆరో రోజు ఇక ఉండబట్టలేక భయసూచి కేంద్రానికి వెళ్లింది. తల్లి దరఖాస్తు మీద సంతకం చేసి ఇస్తే, రెండు గంటల్లో బిడ్డను వెనక్కి తెచ్చేస్తారు.

"అయిదు రోజుల్లో ముప్పయ్యొక్కసారి ఎర్రబడింది డాక్టరుగారూ. దానికేదో అవుతోంది. మైథిలని ఒక మొండిపిల్ల ఉందిలెండి, అదే నీళ్లల్లోకి లాగుతాది. ఇవాళే తెప్పించేయండి."

శాస్త్రవేత్త కుముదిని దరఖాస్తు అందుకోలేదు. "పాపను అడిగారా?"

"అడగనా? రోజుకి ఆరుసార్లు ఫోను చేస్తున్నాను."

"పలక పచ్చగా ఉన్నప్పుడు కూడానా?"

"పచ్చగా ఉంటే పలక పాడైందేమోనని చేస్తాను. మాట్లాడుతుండగానే ఎర్రబడిపోతాది."

కుముదిని తెరమీద రెండు గీతలు పక్కపక్కన పెట్టింది. ఒకటి ఎరుపు లేచిన వేళలు, ఒకటి సువర్చల ఫోను చేసిన వేళలు. ముప్పై చోట్ల రెండూ కలిశాయి. ప్రతిసారీ ఫోనే ముందు మోగింది.

"ఒక్కటి మాత్రం వేరు. నిన్న పదింటికి."

"అప్పుడు స్నానానికి వెళ్లాను," అంది సువర్చల, తప్పు చేసినదానిలా.

"నాలుగు నిమిషాలు ఎర్రగా ఉంది. తర్వాత దానంతటదే పచ్చబడింది. అంత నిమ్మళం ఈ అయిదు రోజుల్లో ఇంకెప్పుడూ లేదమ్మా."

"అయితే నేనంటేనే భయమా దానికి?"

"యంత్రం కారణం చెప్పదు. ఇక్కణ్ణుంచే మీరు అడగండి."

అక్కడ తరళ ఫోను మోగింది. ఇక్కడ తెర ఎర్రబడింది.

"అమ్మా, ఏమైంది? నీకు బాగానే ఉందా?"

"నాకేటవుతాదే?"

"ఏమో. నీ ఫోను మోగితే చాలు, నీకేదో అయిపోయిందనే అనిపిస్తాది. మైథిలి నవ్వుతాది. వాళ్లమ్మ చేస్తే దానికి ఆకలి గుర్తొస్తాదట. నిన్న నీళ్లల్లో తల ముంచానమ్మా. మొదట చచ్చేంత భయమేసింది. తర్వాత లేదు. రేపు పదింటికి పగడాల దాకా దిగుతాం. నువ్వు వద్దంటే వచ్చేస్తాను."

వద్దన్న మాట సువర్చల నోటిదాకా వచ్చింది. దరఖాస్తును నాలుగు మడతలు పెట్టి సంచిలో వేసుకుంది.

"దిగు. రేపంతా నేను ఫోను చెయ్యనులే."

తెరమీది ఎరుపు తగ్గుతుందని సువర్చలా కుముదినీ ఎదురుచూశారు. అది ఇంకా చిక్కబడింది.

"ఎందుకు చెయ్యవు?" అంది తరళ. "నిజం చెప్పమ్మా. ఆసుపత్రిలో గాని ఉన్నావా?"