షట్టర్ తెరిచి ఉన్నంతసేపు

వారమంతా మార్కాపురంలో మందుల దుకాణంలో బిళ్లల అట్టలు కత్తిరించి ఇచ్చే ఝాన్సీకి ఆదివారం వస్తే చాలు, చేతులు కెమెరా కోసం వెతుక్కునేవి. ఎవరో వాడి వదిలేసిన పాత కెమెరా అది. దాంతో ఆమె చేయని ప్రయోగం లేదు. లెన్సుకు రంగు కాగితాలు కట్టేది. ఒకసారి గాజు మీద వాజలైన్ పూసి, వాకిట్లో చిక్కుళ్లు తుంచుతున్న అత్తను మంచులో కూర్చున్నట్టు తీసింది. ఆ ఫొటో చూసి అత్త ఎలీషబా, "నా కంట్లో పొర వచ్చినప్పుడు అంతా ఇట్లనే కనపడేది మే" అని నవ్వింది.

ఝాన్సీ మొగుడు జీవన్ కుమార్ స్కూలు వ్యాను నడుపుతాడు. మేనత్త కొడుకే. పెళ్లాం ఎక్కడ నిలబడమంటే అక్కడ నిలబడే మంచి మనిషి.

ఆ ఆదివారం చర్చిలో ఆరాధన అయి, అన్నాలు తిన్నాక ఆమె అతన్ని ఊరిబయట మూతపడిన పలకల ఫ్యాక్టరీకి తీసుకుపోయింది. కిటికీలన్నిటికీ రేకులు కొట్టేసినారు. బయట ఎండ మండుతున్నా లోపల కళ్లు పొడుచుకున్నా ఏమీ కనిపించదు. తడిరాయి వాసన, గబ్బిలాల కంపు. అడుగు వేస్తే కింద పలకముక్కలు కరకరమంటాయి.

"ఏంది ఈసారి?" అన్నాడు జీవన్.

"నిన్ను దెయ్యం చేస్తా బావా."

ఆ పని ఎట్లాగో చెప్పింది. కెమెరా షట్టర్ ముప్పై సెకన్లు తెరిచే ఉంటుంది. మొదట అతను గోడ ముందు కదలకుండా నిలబడాలి. ఆమె టార్చి అతని మీద తిప్పి ఆర్పేస్తుంది. చీకట్లో అతను నడుచుకుంటూ ఆమె పక్కకు వచ్చేయాలి. తర్వాత ఖాళీ గోడ మీద టార్చి వేస్తుంది. ఫొటోలో మనిషీ కనిపిస్తాడు, మనిషిలోంచి గోడా కనిపిస్తుంది.

మొదటిది బాగానే వచ్చింది. జీవన్ చొక్కాలోంచి ఇటుకల వరస పలచగా కనిపిస్తోంది. "అమ్మకు చూపిస్తే గుండె ఆగుతుంది" అని అతను మురిసిపోయినాడు. కానీ మొహం కొంచెం చెదిరింది. ఇంకొక్కటి తీద్దామన్నది ఝాన్సీ.

జీవన్ మళ్లీ గోడ ముందుకు పోయినాడు. ఆమె షట్టర్ నొక్కింది. టార్చి అతని మీద నెమ్మదిగా తిప్పి, ఆర్పింది.

"ఇంక రా బావా."

పలకముక్కలు కరకరమన్నాయి. అడుగులు దగ్గరికి వచ్చాయి. ఆమె పక్కనే ఆగాయి. అలవాటైన చెమట వాసన, భుజం మీద అలవాటైన చెయ్యి.

ఝాన్సీ గోడ మీదకు టార్చి వేసింది.

గోడ ముందు జీవన్ నిలబడి ఉన్నాడు.

వెలుగు పడి కళ్లు చికిలించినాడు. "రమ్మంటావా ఇంక?" అన్నాడు.

భుజం మీద చెయ్యి అట్లనే ఉంది… వేళ్లు మెల్లగా బిగిశాయి.

ఆమె చేతిలోని టార్చి జారి కింద పడి ఆరిపోయింది. చీకట్లో షట్టర్ టక్కున మూసుకుంది.

"ఏమైంది?" చెవి పక్కనే జీవన్ గొంతు.

"ఝాన్సీ?" ఎదురుగా జీవన్ గొంతు.

పక్కనున్నవాడు వంగి టార్చి వెతికి వెలిగించినాడు. జీవనే. కనుబొమ మీద చిన్నప్పటి మచ్చ, చొక్కా జేబులో వ్యాను తాళాలు. గోడ ముందు ఎవరూ లేరు.

"అట్ల వణుకుతుండావేంది? పా, ఇంటికి పోదాం."

ఆమె మణికట్టు పట్టుకుని నడిపించినాడు. కాళ్లు అతని వెంటే పోయాయి. వద్దని ఎంత అనుకున్నా పోయాయి. గడప దాటుతుంటే లోపలి నుంచి మెల్లగా వినిపించింది.

"ఝాన్సీ… లైటు వెయ్యి మే. దోవ కనపడడం లేదు."

"విన్నావా?" అన్నది ఆమె గుసగుసగా.

"ఏంది?" అన్నాడు అతను, బైకు స్టార్ట్ చేస్తూ. ఆమె అతని వెనక ఎక్కి కూర్చుంది. ఇంకేం చేయగలదు? ఏ గొంతు తన మొగుడిదో ఎవరిని అడగగలదు?

ఇంట్లో అంతా మామూలే. అతను తిన్నాడు, అమ్మతో పరాచికాలాడినాడు, పొద్దున్నే పిల్లల్ని వ్యానులో ఎక్కించుకుని పోయినాడు. ఏది గుచ్చి అడిగినా చెప్పినాడు. పెళ్లికి ముందు కంభం బస్టాండులో ఆమెతో ఆడిన మాటలతో సహా. అతను జీవన్ కాడని ఎట్లా అంటుంది? జీవనేనని ఎట్లా నమ్ముతుంది?

దుకాణానికి సెలవు పెట్టి ఒంటరిగా ఫ్యాక్టరీకి పోయింది. టార్చి వేసి మూలమూలా వెతికింది. పిలిచింది. ఎవరూ పలకలేదు. చివరికి కెమెరా నిలబెట్టి, షట్టర్ తెరిచి, ఖాళీ గోడ మీద వెలుగు తిప్పింది.

ఫొటోలో జీవన్ ఉన్నాడు. అదే చోట, అదే చొక్కాలో. నోరు తెరిచి ఏదో అంటున్నాడు.

ఆమె ఆ చోటికి పరుగెత్తి గాలిలో చేతులు చాపింది. గోడ చల్లగా తగిలింది. "బావా, ఇదో, ఇటు… నా గొంతు పట్టుకుని రా" అంటూ గుమ్మం వరకూ వెనక్కి నడిచింది. మళ్లీ తీసింది. అతను అక్కడే ఉన్నాడు. మొహం మాత్రం వేరే వైపు తిరిగి ఉంది, ఆమె గొంతు ఇంకెక్కడి నుంచో వస్తున్నట్టు.

తర్వాత పోయినప్పుడు తీసిన ఫొటోలో అతని భుజంలోంచి ఇటుకలు కనిపించాయి. ఆ తర్వాత, ఛాతీలోంచి. మునుపు ఎంతో ముచ్చటపడి తీసిన ఫొటో లాగే, చక్కగా, పలచగా. ఒక్కో ఫొటోతో తనే అతన్ని కొంచెం కొంచెంగా తోడేస్తోందేమోనని ఝాన్సీకి తోచింది. తీయకపోతే అతను కనపడడు. తీస్తే అరిగిపోతాడు. కెమెరా సంచిలో పెట్టి, గోడకు ఆనుకుని ఏడ్చింది. ఏడ్చి, వంటకు ఆలస్యమవుతుందని ఇంటికి వచ్చింది.

ఆ సాయంత్రం కుటుంబ ప్రార్థన జీవన్ వంతు. ముగ్గురూ చాప మీద మోకరించారు. అమ్మ మోకాళ్ల కోసం, వానల కోసం, వ్యానులో పిల్లల క్షేమం కోసం ఎప్పుడూ చేసినట్టే చేసినాడు. ఆమెన్ అనబోయే ముందు ఆగినాడు.

"తండ్రీ… చీకట్లో నిలబడి అరుస్తున్న ఆ మనిషికి తొందరగా విడుదల దయచేయి. వాడి గొంతు మాకు వినపడకుండా చేయి. ఆమెన్."

ఝాన్సీ కళ్లు తెరిచింది.

"ఎవురు నాయనా అది?" అన్నది ఎలీషబా.

జీవన్ తల్లి వైపు చూసినాడు. అతని మొహం అయోమయంగా ఉంది. బుగ్గల మీద కన్నీళ్లు కారుతున్నాయి.

"ఏమో మా," అన్నాడు. "నేను ఆమెన్ అన్నాక అచ్చం నా గొంతుతోనే ఇంకెవురో కూడా అన్నారు. మీకు వినపడిందా?"