రైలు వంతెన కింద తెల్ల పాదాలు

రైలు వంతెన కింద ఆ మలుపు మంచిది కాదని మా నగరంలో సైకిలు తొక్కే ప్రతివాడికీ తెలుసు. పగలు అక్కడ హారన్ల గోల తప్ప ఏమీ ఉండదు. చీకటి పడ్డాక మాత్రం... గోడ మీద నల్లటిదేదో మన పక్కనే పరుగెత్తుతుందట. మనల్ని దాటి ముందుకెళ్లి మాయమైపోతుందట.

దానికి విరుగుడు కూడా ఆ సైకిళ్ల వాళ్లే కనిపెట్టారు. వంతెన రాగానే లైట్లు ఆర్పేయాలి, బెల్లు కొట్టకూడదు, చడీచప్పుడు లేకుండా జారుకోవాలి. దాని కంట పడకపోతే చాలట.

ఇదంతా మా బావ చెప్పిందే. పెద్ద హోటల్లో వడ్డించే పని ఆయనది. ఇంట్లో బొద్దింక కనబడితే మంచమెక్కుతాడు, వీధిలో మాత్రం మహా ధీరుడు. సైకిలుకు ముందొకటి, వెనకొకటి లైట్లు మా అక్కే దగ్గరుండి పెట్టించింది.

ఆ సాయంత్రం డ్యూటీ దిగి వస్తుంటే సన్నగా జల్లు పడుతోంది. వంతెన దగ్గరికి రాగానే అలవాటుగా రెండు లైట్లూ ఆర్పేసి, ఊపిరి బిగబట్టి లోపలికి దిగాడు.

పైన రైలు దడదడలాడుతోంది. వేరే చప్పుడేదీ వినబడటం లేదు.

అప్పుడు కనబడింది — గోడ మీద.

నల్లగా, పొడుగ్గా... పక్కనే వస్తోంది. బావ తొక్కుతుంటే అదీ తొక్కుతోంది. బావ వంగితే అదీ వంగింది. తిరిగి చూద్దామంటే మెడ తిరగలేదట.

కీచుమని ఒక అరుపు — వీపు వెనకే.

బావ సైకిలుతో సహా గోడ వారన పడ్డాడు. కళ్లు తెరిస్తే చెయ్యి చాపితే తగిలేంత దగ్గరలో లారీ చక్రం.

డ్రైవరు దిగాడు, పెద్దాయన. బావ కంటే ఎక్కువ వణుకుతున్నాడు. దగ్గరికి రాకుండా అక్కణ్ణించే గొణిగాడు.

"నువ్వు... మనిషివేనా?"

మనిషినే అని బావ ఒకటికి రెండుసార్లు చెప్పాక గానీ ఆయన నోరు పెగల్లేదు. ఈ వంతెన కింద లారీల వాళ్లకూ ఒక దెయ్యం ఉందట. లైట్ల వెలుగులో నేలకు కాస్త పైన రెండు తెల్ల పాదాలు గిర్రున తిరుగుతుంటాయట. వాటిపైన ఒళ్లూ లేదు, తలా లేదు.

బావ తనను తాను కిందికీ పైకీ చూసుకున్నాడు. హోటల్ వాళ్లిచ్చిన నల్ల కోటు, నల్ల ప్యాంటు. కాళ్లకు తెల్ల బూట్లు.

లారీ లైట్ల వెలుగుకి గోడ మీద పరుగెత్తేది ఎవరి నీడో కూడా అప్పుడే తెలిసొచ్చింది. నవ్వొచ్చిందట బావకి. పెద్దాయన మాత్రం నవ్వలేదు.

"రోజూ ఇక్కడ భయపడి బ్రేకు తొక్కుతున్నానని ఇంట్లో నన్ను ఏడిపిస్తున్నారు బాబూ. ఇవాళ ఆ పాదాలు కనబడినా సరే, ఆపకుండా పోనిచ్చేద్దామనుకునే వచ్చాను. కాలే నా మాట వినలేదు."

బావ అక్కడే, ఆ వంతెన కిందే, రెండు లైట్లూ వేశాడు.