నర్సమ్మ చెల్కలో పడ్డ రాయి

గాజు పెట్టెకు వేసిన తాళం వేసినట్టే ఉంది, లోపల ఉల్క మాత్రం లేదు.

పొద్దున్నే ల్యాబ్ తెరిచిన పరిశోధకురాలు సుప్రజ అది చూసింది. చేతిలో టీ కప్పు జారి పగిలింది. ఆ చప్పుడుకే అందరూ పరుగెత్తుకొచ్చారు.

ఇన్‌స్పెక్టర్ సుస్మిత శామీర్‌పేట రోడ్డులోని ఆ పరిశోధన కేంద్రానికి వచ్చేసరికి, డైరెక్టర్ డాక్టర్ చలపతిరావు కుర్చీలో కూలబడి ఉన్నాడు.

"ఏం పోయింది సార్?"

"కొబ్బరికాయంత రాయి. పోయిన నెల మేడ్చల్ అవతల ఒక చెల్కలో, మెట్ట చేనులో పడింది. ఎల్లుండి గుజరాత్ నుంచి సైంటిస్టులు దాన్ని పరీక్షించడానికే వస్తున్నారు."

"ధర ఎంత ఉంటుంది?"

"ధరేంటమ్మా! సూర్యుడు పుట్టిన కాలం నాటి రాయి. ఈ భూమి కన్నా పెద్దది, వయసులో."

"పెట్టె తాళంచెవి?"

"ఒకటి నా దగ్గర. ఇంకోటి ఈ టేబుల్ సొరుగులో."

"సొరుగుకి తాళం ఉందా?"

చలపతిరావు తల అడ్డంగా ఊపాడు. అంటే ఎవరైనా తీయొచ్చు.

సీసీ కెమెరా గేటు దగ్గర ఒక్కటే ఉంది. నిన్న సాయంత్రం స్టాఫ్ అంతా వెళ్లిపోయాక ఒక కారు లోపలికొచ్చింది. తెల్లచొక్కా కుర్రాడు సంచితో దిగాడు. కాసేపటికి సంచితోనే వెళ్లిపోయాడు.

"ఎవరితను?"

"ప్రవీణ్. రాయి పడ్డ చెల్క వాళ్లదే. ప్లాట్ల వ్యాపారం. వాళ్ల అవ్వ ఆ రాయిని దేవుడంటోంది. తిరిగివ్వమని కబురు మీద కబురు."

"నిన్న ఎందుకొచ్చాడు?"

చలపతిరావు చూపు కిటికీ వైపు తిప్పాడు.

"అవ్వ రొట్టె, బెల్లం కలిపి మలీద ముద్దలు చేసి పంపిందన్నాడు. తిన్నాను. చేతులు కడుక్కోవడానికి అలా లోపలికెళ్లి వచ్చాను..."

వాక్యం సగంలో వదిలేశాడు. మిగతా సగం సుస్మిత తనే పూర్తి చేసుకుంది.

ఈలోగా కానిస్టేబుల్ శ్రీనివాస్ బీరువాలు వెతుకుతున్నాడు. కింది సొరుగు లాగి ఆగిపోయాడు. నిండా నల్లటి గడ్డలు.

"ఇవేంది సార్? బొగ్గులా?"

"చిట్టెం. జీడిమెట్ల ఫౌండ్రీల్లో ఇనుము కరిగించాక మిగిలే చెత్త. జనం అది తెచ్చి ఉల్క అంటుంటారు. పోల్చి చూడ్డానికి ఉంచుకున్నాం." చలపతిరావు లేచి వచ్చి సొరుగు మూసేశాడు.

శ్రీనివాస్ చేతులు దులుపుకున్నాడు. "దేవుడు ఒక్క రాయి వేస్తే మనోళ్లు లారీ చిట్టెం తెచ్చిన్రన్నమాట!"

ఆ జోకుకి చలపతిరావు నవ్వలేదు.

గుండ్లపోచంపల్లిలో ప్రవీణ్ ఇంటి ముందు జీపు ఆగగానే వీధి వీధంతా గేట్ల దగ్గరికొచ్చింది.

"మేడం, సారే నన్ను పిలిచిండు!" ప్రవీణ్ చేతులు అడ్డం పెట్టాడు. "వాట్సాప్‌ల కాల్ జేసిండు. ఏదో వీడియో గురించి మాట్లాడాలన్నడు. గంతే."

సుస్మిత అక్కడే చలపతిరావుకి ఫోన్ చేసింది. తను ఎవర్నీ పిలవలేదన్నాడాయన. అంత చదువుకున్నాయన మాట ఒకవైపు. ప్లాట్లమ్ముకునే కుర్రాడి మాట ఒకవైపు. ఏది నమ్మాలో సుస్మిత ఆలోచించను కూడా లేదు.

"వీడియో సంగతి స్టేషన్‌లో చెప్దువు. జరుగు."

పూజగది గుమ్మంలో ప్రవీణ్ అవ్వ నర్సమ్మ నిలబడింది. డెబ్బై దాటిన మనిషి. నుదుట పెద్ద బొట్టు.

"బిడ్డా, చెప్పులిడిసి రాండ్రి. మీకు పుణ్యముంటది."

ఎవరూ వినిపించుకోలేదు. బూట్లతోనే లోపలికి వెళ్లారు. పటాల వెనక ఎర్రగుడ్డ మూట దొరికింది. నర్సమ్మ రెండు చేతుల్తో పట్టుకుంది. సుస్మిత ఆ వేళ్లు ఒక్కొక్కటే విప్పింది.

లోపల బొటనవేలంత నల్లరాయి ముక్క. మీద చిన్న కుంకుమ బొట్టు.

"పెద్దది ఏది?"

"నాకేమెరుక? పడ్డనాడు పగిలిన పెల్ల ఇది. గుర్తుకు దాసుకున్న."

"దొంగ మాల్ పూజగదిల వెట్టిండ్రు!" గేటు అవతల ఎవరో అన్నారు. ఇంకెవరో నవ్వారు. రాబోయే మున్సిపల్ ఎన్నికల్లో నిలబడతానని తిరుగుతున్న మనవడిని అదే వీధిలోంచి జీపెక్కించారు. నర్సమ్మ కొంగు మొహానికి అడ్డం పెట్టుకుని లోపలికి పోయింది.

మధ్యాహ్నం ముక్కను గుర్తుపట్టడానికి సుప్రజ స్టేషన్‌కి వచ్చింది. టేబుల్ మీద ఎర్రగుడ్డ చూసి దగ్గరికి వంగింది. ముక్కను చేత్తో ముట్టుకోలేదు. గుడ్డతో సహా ఎత్తి వెలుగులో పట్టుకుంది.

"ఇది దాని ముక్కే. పైన ఈ నల్లటి పొర గాల్లో మండినప్పుడు వచ్చింది, గుడ్డు పెంకంత పల్చన. లోపల చూడండి, సిమెంటు రంగులో మెరుస్తోంది. మేడం, దీనికి ఎవరూ అయస్కాంతం పెట్టలేదు కదా?"

సుస్మిత ఆశ్చర్యపోయింది. "దొంగతనం కేసులో మొదటి ప్రశ్న అదా?"

"మాకు అదే మొదటి ప్రశ్న. ఆ రాయి పుట్టినప్పుడు చుట్టూ ఉన్న అయస్కాంత శక్తి ముద్ర లోపలి లోహంలో ఉండిపోతుంది, పాత క్యాసెట్‌లో పాట ఉన్నట్టు. దగ్గరికి గట్టి అయస్కాంతం తెస్తే అంతా చెరిగిపోతుంది. గుజరాత్ వాళ్లు కొలవడానికి వస్తున్నది అదే."

"చెరిగిపోతే వాళ్లకి తెలుస్తుందా?"

"మిషన్‌లో పెట్టగానే తెలుస్తుంది. ఎవరు ముట్టించారని అడుగుతారు."

సుస్మిత పెన్ను కింద పెట్టింది.

వీడియో. ఆ కుర్రాడు పొద్దున్నే చెప్పాడు. తను వినలేదు.

"శ్రీనివాస్, ప్రవీణ్ ఫోన్ తీసుకురా. అతన్ని కూడా."

ప్రవీణ్ మొహం వాచి ఉంది. ఎవరూ కొట్టలేదు. ఏడ్చాడంతే.

"ఏ వీడియో గురించి పిలిచాడు మీ సారు?"

"రాయి వడ్డనాడు తీసింది మేడం. డిలీట్ చెయ్యమన్నడు. సరేనన్న. చెయ్యలే. మస్తుంటది అది."

వీడియో నడిచింది. చెల్క మధ్య జనం. చలపతిరావు చేతిలో రాయి. ప్రవీణ్ గొంతు వినిపించింది: "సార్, గిది చిట్టెం గావచ్చు! జీడిమెట్ల లారీలోళ్లు రోజూ ఈడనే పోస్తరు. జల్దీ టీవీలోళ్లకు చెప్పకుండ్రి, ఇజ్జత్ పోతది!"

జనం ఘొల్లున నవ్వారు. చలపతిరావు మొహం కందిపోయింది. గబగబా కారు దగ్గరికి నడిచాడు. డాష్‌బోర్డు మీద ఫోన్ ఆనించుకునే గుండ్రటి అయస్కాంతం పీక్కుని వచ్చాడు. రాయికి ఆనించాడు. టక్కున అతుక్కుంది.

"చూశారా!" అన్నాడు. ఈలలు, చప్పట్లు.

స్టేషన్‌లో వీడియో ఆగింది. సుప్రజ రెండు చేతుల్తో మొహం మూసుకుంది.

"మేడం," అన్నాడు ప్రవీణ్ మెల్లగా, "నేను జోకేసిన. గంతే గదా?"

మర్నాడు సుస్మిత ఒక్కతే గుండ్లపోచంపల్లి వెళ్లింది. గేటు బయటే బూట్లు విప్పింది.

నర్సమ్మ ఆమె కాళ్ల వైపు చూసింది.

"ఇయ్యాల ఇప్పినవా బిడ్డా. నిన్న ఇప్పకపోతివి."

సుస్మిత క్షమించమన్నట్టు టోపీ తీసి చేతిలో పట్టుకుంది. యూనిఫాం వేసుకున్నాక ఇలా నిలబడటం ఇదే మొదటిసారి.

"అవ్వా, నాతో ఒకసారి రావాలి. అందరి ముందు నీ మనవణ్ణి తీసుకెళ్లింది నేనే. అందరి ముందు తీసుకొచ్చేదీ నేనే."

జీపులో ముందు సీట్లో కూర్చోబెట్టింది. వీధి చూస్తుండగానే.

ల్యాబ్‌లో సుప్రజ, ప్రవీణ్, శ్రీనివాస్ గోడవారగా నిలబడ్డారు. చలపతిరావు టేబుల్ వెనక ఉన్నాడు. నర్సమ్మను చూడగానే లేచాడు. కూర్చోవడం మర్చిపోయాడు.

"సార్, దొంగ రాయిని ఏం చేస్తాడు?" సుస్మిత అడిగింది.

"అమ్ముకుంటాడు. లేదా... పారేస్తాడు."

"శామీర్‌పేట చెరువు పక్కనే ఉంది. పారేస్తే ఎవరికీ దొరకదు. కానీ నీళ్లు తగిలితే రాయి పాడవుతుందని సుప్రజ చెప్పింది. మామూలు దొంగకి ఆ బెంగ ఉండదు. ఈ దొంగకి ఉంది. అందుకే పొడిగా, చల్లగా ఉన్నచోట పెట్టాడు. ఈ గదిలోనే."

చలపతిరావు టేబుల్ మీది కాగితాలు సర్దాడు.

"ప్రవీణ్‌ని పిలవలేదన్నారు. ఇతని ఫోన్‌లో మీ కాల్ ఉంది. చేతులు కడుక్కోవడానికి వెళ్లానన్నారు. వాష్ బేసిన్ ఈ గదిలోనే ఉంది, గాజు పెట్టెకు ఎదురుగా. చిట్టెం సొరుగు తీస్తే మీరే లేచొచ్చి మూసేశారు. నిన్న ఇవన్నీ నా కళ్ల ముందే ఉన్నాయి. నేను చూడలేదు. మీరు డాక్టరు కాబట్టి చూడలేదు. సుప్రజా, చిట్టేనికీ ఉల్కకీ తేడా ఏంటి?"

"చిట్టెం నిండా బుడగల చిల్లులుంటాయి మేడం, అట్టుకి ఉన్నట్టు. ఉల్కకి ఉండవు."

సుస్మిత కింది సొరుగు లాగింది. నల్లటి గడ్డలు ఒక్కొక్కటే తీసి టేబుల్ మీద పెట్టింది. చిల్లులు. చిల్లులు. మళ్లీ చిల్లులు. అడుగున, పగిలిన వైపు కిందికి పెట్టి, ప్లాస్టిక్ కవరులో చుట్టిన కొబ్బరికాయంత రాయి. ఒక్క చిల్లు లేదు.

"గదే!" నర్సమ్మ చేతులు జోడించింది. తర్వాత చలపతిరావు వైపు తిరిగింది. "చెత్తల వెట్టినవా సారూ?"

"అవ్వా, నీ దగ్గరున్న ముక్కని కడిగావా?" సుప్రజ ఆత్రంగా అడిగింది. "దాని దగ్గరికి అయస్కాంతం ఏమైనా..."

"పైకెల్లి వచ్చినదాన్ని నేనేం కడుగుత బిడ్డా? బొట్టు వెట్టిన, గుడ్డల సుట్టిన. దాని జోలికి వోలే."

"అయితే ఆ ముక్కకి ఇంకా గుర్తుంది సార్," అంది సుప్రజ. "పెద్దదానికి పోయినా."

ఆ మాటకి చలపతిరావు టేబుల్ వెనక నుంచి ఇవతలికి వచ్చాడు. ఇన్‌స్పెక్టర్ వైపు కాదు, నర్సమ్మ వైపు చూసి మాట్లాడాడు.

"నేనే తీశానవ్వా. ఏటా కొత్తగా చేరిన పిల్లలకి నేను చెప్పే మొదటి మాట, ఉల్క దగ్గరికి అయస్కాంతం తేవద్దని. ఆ రోజు మీవాడు చిట్టెం అన్నాడు. అందరూ నవ్వారు. ఆ నవ్వు నేను భరించలేకపోయాను. తర్వాత ఈలలు వేశారు చూడు, ఎంత బాగున్నాయో. తూంకుంట దాకా ఆ ఈలలే వినుకుంటూ వచ్చాను. అక్కడ గుర్తొచ్చింది నేనేం చేశానో. కారు పక్కకి ఆపి చాలాసేపు కూర్చున్నాను. సుప్రజకి చెబుదామనుకున్నాను. రోజూ అనుకున్నాను. రాయి పోయిందంటే నా మీద జాలిపడతారు. నేనే పాడుచేశానంటే నవ్వుతారు. అందుకని పోగొట్టాను. చెరువు దాకా తీసుకెళ్లాను కూడా. విసరడానికి చెయ్యి రాలేదు. నీ మనవడి పేరు చెప్పడానికి మాత్రం నోరొచ్చింది. నువ్వు పంపిన మలీద తిన్న నోరే అది. ఇంకొక్కటి కూడా చెప్పాలి. అయస్కాంతం అతుక్కుంటే ఉల్క అని అర్థం కాదవ్వా. చిట్టేనికీ అతుక్కుంటుంది. నాకు తెలుసు. ఆ రోజు అంత జనంలో నేను రుజువు చేసింది ఏమీ లేదు."