నలభై ఒకటో పేజీ

"ఇవాళ నాలుగింటిలోపు ఓ లెక్కల ప్రొఫెసర్‌ని ఎత్తుకుపోతారు. ఆపు," అన్నాడు చీఫ్.

"ఆయన దగ్గరేముంది సార్?" అడిగాడు ఏజెంట్ డేగ.

"లార్జ్ కార్డినల్‌కి ఇన్నర్ మోడల్ కట్టాడట. అది చేతికొస్తే ఏ సీక్రెట్ కోడ్ అయినా బద్దలేనట. ఆయన సెమినార్‌లో పచ్చకోటు వేసుకున్నామె ఉంటుంది. మన డబుల్ ఏజెంట్. ఆమె చెప్పినట్టు చెయ్యి."

అన్నీ 'అట'లే. ఆ శాఖలో అంతకన్నా గట్టి సమాచారం ఎప్పుడు దొరికింది గనక!

రెండింటికల్లా డేగ ప్రొజెక్టర్ మెకానిక్ వేషంలో సెమినార్ హాల్లో ఉన్నాడు. జేబులో మత్తుసూది పేల్చే పెన్ను. వెనక వరుసలో పచ్చకోటు. అందమంటే అలాంటిలాంటి అందం కాదు.

"సుద్దముక్క అయిపోయిందా?" అడిగాడు డేగ.

"ఇంకా సగముంది."

కోడ్ సరిపోయింది. "నోట్స్ రాసుకోవాలి, పెన్నిస్తారా?" అందామె. ఇచ్చేశాడు మహానుభావుడు!

బోర్డు దగ్గర ప్రొఫెసర్ మోచేతులదాకా సుద్ద పూసుకుని ఉన్నాడు. "అనంతాలన్నీ ఒకే సైజు కావు. కొన్ని, అవే లార్జ్ కార్డినల్స్, ఎంత పెద్దవంటే, ఉన్నాయని నమ్మడమేగానీ రుజువు చెయ్యలేం. అలాంటిదొకటి ఇమిడేలా, అనవసరమైనదేదీ లేకుండా గణితలోకం లోపల ఓ చిన్న లోకం, అదే ఇన్నర్ మోడల్, కట్టాలి. కడితే ఆ నమ్మకానికి కాస్త ఆసరా. నాకు ముప్ఫై ఏళ్లు పట్టింది."

వింటున్నది ఐదుగురు. అందులో ఇద్దరు నిద్రపోతున్నారు. డేగకి ఒక్క ముక్క అర్థమైతే ఒట్టు.

ఉపన్యాసం అయ్యాక వరండాలో ప్రొఫెసర్‌ని పట్టుకున్నాడు. "దీంతో కోడ్‌లు బద్దలవుతాయా సార్?"

"కోడ్‌లా? దీంతో కొబ్బరికాయ కూడా బద్దలవదు బాబూ!"

అప్పుడే డేగ నడుముకి తన పెన్నే గుచ్చుకుంది. "కదలకండి," అంది పచ్చకోటు. ఆమె అవతలి ముఠా మనిషి.

నాలుగింటికి పది నిమిషాలు. పెరటి గేటు దగ్గర కారు. వెనక సీట్లో డేగ, ప్రొఫెసర్, ఇద్దరికీ చేతులు కట్టేసి ఉన్నాయి. ముందు సీట్లో పచ్చకోటు ప్రొఫెసర్ రాతప్రతి చదువుతోంది. సరుకు అసలుదో కాదో తేల్చాకే బండి కదలాలని ముఠా షరతు. డేగ తాడు లాగాడు, కొరికాడు, ఊడి రాలేదు. ఇంత చేతకానితనం వాడి సర్వీసులోనే లేదు, ఏడుపొచ్చింది.

ప్రొఫెసర్ మాత్రం మెడ సాచాడు. "ఎక్కడున్నారమ్మా?"

"ముప్ఫై ఎనిమిది."

ఆయన మొహం వెలిగిపోయింది. "ఇంతవరకూ ఎవ్వరూ ఇరవై దాటలేదు!"

ఆమె పేజీలు తిప్పింది. ఆగింది. "నలభై ఒకటి. మీ లోకం నిలబడుతుందా లేదా అని చూసే ఈ ట్రీలో, చివరిదాకా పోయే కొమ్మ ఒకటి ఉంటుందన్నారు. ఉంటుందని ఎక్కడ చూపించారు?"

"అది... తెలిసిపోతూనే ఉందిగా."

"తెలియట్లేదు సార్."

ప్రొఫెసర్ పేజీ వంక చూశాడు. పెదవులు కదిలాయి, ఆగిపోయాయి. "అయ్యో," అన్నాడు. డేగకి గణితం రాదు గానీ, ఆ అయ్యో మాత్రం పూర్తిగా అర్థమైంది.

"సరుకు చెల్లదు. ఇద్దర్నీ దించెయ్," అంది డ్రైవర్‌తో. కాగితాలు ఆయన ఒళ్లో పెట్టింది. "క్షమించండి సార్." నాలుగింటికి ఒక్క నిమిషం ఉందనగా ఇద్దరూ రోడ్డు మీద ఉన్నారు.

కారు కదిలింది. ప్రొఫెసర్ కట్టేసిన చేతులతోనే దాని వెంట పరిగెత్తాడు. "అమ్మా, ఆగండి! నన్నూ తీసుకెళ్లండి! ఇద్దరం కూర్చుంటే సరిచెయ్యొచ్చు! చదివింది మీరొక్కరే!"

డేగ అడ్డంపడి ఆయన్ని భుజంతో గేటుకి అదిమిపెట్టాడు. "ఊరుకోండి సార్. ప్రాణం దక్కింది కదా."

"దాన్నేం చేసుకోను బాబూ?" ముసలాయన వెక్కివెక్కి ఏడ్చాడు.

వాచీలోంచి చీఫ్ గొంతు వినిపించింది. "ప్రొఫెసర్ సేఫేనా?"

"సేఫే సార్. తనని కిడ్నాప్ చెయ్యమని ఆయనే బతిమాలుతున్నాడు. ఎవరూ ఒప్పుకోవట్లేదు."