పిడుగు గీసిన గీత

వంటింటి గోడకు కప్‌బోర్డు బిగించడంలో పిడుగును మించినవాళ్లు ఈ భూమ్మీద పుట్టలేదు. పెన్సిల్ పట్టిందంటే గీత తప్పదు. ఒక్క బెజ్జం కూడా వృథా పోదు.

పిడుగంటే నాలుగో తరగతి పిల్ల. ఆ మధ్యాహ్నం దాని ప్రాణమంతా అమ్మ చేతిలోని డ్రిల్లు మీదే ఉంది.

"గీత సరిగ్గా గీశావనుకో, ఆఖరి బెజ్జం నీ చేత వేయిస్తా," అంది అమ్మ.

పిడుగు టేపు లాగింది. గోడకు ఈ చివర నేల నుంచి ఎత్తు కొలిచి చుక్క పెట్టింది. ఆ చివరా అంతే ఎత్తు కొలిచింది. స్టూలెక్కి రెండు చుక్కలూ కలిపేసింది.

"రసమట్టం పెట్టి చూశావా?" అన్నాడు అన్నయ్య, మంచినీళ్లు తాగుతూ. రసమట్టమంటే లోపల చిన్న బుడగ ఉండే పట్టీ. బుడగ నడుమ నిలిస్తే గీత సమంగా ఉన్నట్టు.

"టేపుతో కొలిచాక మళ్లీ అదెందుకు? నీకు కుళ్లు."

అమ్మ డ్రిల్లు నొక్కింది. ఆ మోతకు పక్కింటి పిల్లి గోడ దూకి, నాలుగు వీధులు దాటేదాకా వెనక్కి చూడలేదు. మొదటి బెజ్జం పడింది.

ఉలిక్కిపడ్డ అన్నయ్య గ్లాసు ఒలకబోశాడు. ఆ నీళ్లు మెల్లగా మూలనున్న తూము వైపు పాకాయి.

పిడుగు నీళ్లను చూసింది. గీతను చూసింది. నేలే వాలుగా ఉంటే, నేలను నమ్మి గీసిన గీత మాత్రం వాలదా?

చెబితే డ్రిల్లు చేతికి రాదు. చెప్పకపోతే అమ్మ గాజు సీసాలన్నీ ఓ పక్కకు జారతాయి. అమ్మ అప్పుడే రెండో చుక్క మీద డ్రిల్లు ఆనించింది.

"అమ్మా, ఆగు. నా గీత వంకర."

అన్నయ్య కిసుక్కుమన్నాడు. పిడుగు అటు చూడనేలేదు. రబ్బరుతో గీత చెరిపింది. బుడగ నడుమకు వచ్చేదాకా రసమట్టాన్ని జరిపి, జరిపి, కొత్త గీత గీసింది. తప్పు బెజ్జాన్ని లప్పంతో తనే పూడ్చింది. చేతులు లాగుతున్నా స్టూలు దిగలేదు.

సాయంత్రానికి ఒక్క బెజ్జమే మిగిలింది. అమ్మ డ్రిల్లు చాపింది.

"నాకా?"

"నీకే. బరువు, నేనూ పట్టుకుంటాలే."

పిడుగు చెయ్యి చాపబోయి ఆగింది. "ఒక్క నిమిషం," అని మళ్లీ రసమట్టం అందుకుంది.

ఒక్క బెజ్జం కూడా వృథా పోదని మొదట్లో కోతలు కోసింది నేనే. కప్‌బోర్డు పైన లప్పం మచ్చ ఇప్పటికీ ఉంది, కావాలంటే వెళ్లి చూడండి. మిగతాదంతా నిజం, ఆ పిల్లి తప్ప. పక్కింట్లో పిల్లి లేదు, నేనున్నాను. గోడ దూకే వయసా నాది? గేటు తీసుకునే పారిపోయాను.